ఆటవాలో మొదటి చలికాలం: వింటర్ టైర్లు కొనాలా, కొంటే ఏవి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. జూలైలో విజయవాడ నుంచి ఆటవా వచ్చారు. వాడిన 2018 టయోటా కొరోల్లా ఎల్ఈ కొన్నారు. దానికున్న ఆల్ సీజన్ టైర్లు దాదాపు కొత్తవే. మీ ఆవిడ ఉద్యోగం నది అవతల, క్యుబెక్ ప్రావిన్సులో ఉన్న గాటినోలో కాబట్టి రోజూ కారు తీసేది ఆవిడే. ఆఫీసులో ఒకరేమో వింటర్ టైర్లు లేకుండా రోడ్డెక్కొద్దన్నారు. ఇంకొకరేమో పదేళ్లుగా ఆల్ సీజన్ల మీదే నడుపుతున్నా, డబ్బు దండగ అన్నారు. కొనాలా, కొంటే ముందు రెండు చాలా, ఏ బ్రాండు, మొత్తం ఎంతవుతుంది అని అడిగారు.

కొనండి. నాలుగూ కొనండి. మీ కారుకున్న 205/55 ఆర్16 సైజులోనే, విడిగా నాలుగు స్టీల్ రిమ్ములు (టైరు ఎక్కించే ఇనప చక్రాలు) కూడా తీసుకుని వాటికి ఎక్కించుకోండి. బ్రాండు గురించి బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు, మధ్యరకం ధరలో మంచివి దొరుకుతాయి. అన్నీ కలిపి, పన్నుతో సహా 1,200 నుంచి 1,300 డాలర్లు పక్కన పెట్టుకోండి. అక్టోబరు మొదట్లోనే షాపులో అపాయింట్‌మెంట్ తీసుకోండి. సమాధానం ఇంతే. తీరిక ఉంటే కారణాలు కూడా చదవండి.

నేను స్టూడెంట్‌గా వచ్చిన కొత్తలో రెండు చలికాలాలు ఉత్తర ఒంటారియోలోని సడ్బరీలో ఒక టైర్ షాపులో పార్ట్ టైమ్ చేశాను. ఆ తర్వాత ఆటవాలో పదకొండేళ్లు. ఈ మధ్యలో నా కార్లకీ, తెలిసినవాళ్ల కార్లకీ ఎన్నిసార్లు టైర్లు మార్చానో లెక్కలేదు. ఇందులో కొన్ని పాఠాలు నా డబ్బులతో నేర్చుకున్నవే.

వింటర్ టైరు అంటే మంచు కోసం లోతుగా గాడులున్న టైరు అని చాలామంది అనుకుంటారు. గాడులు రెండో సంగతి, అసలు సంగతి రబ్బరు. మన ఇళ్లలో డిసెంబరు రాగానే కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి కూర్చుంటుంది, పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం మామూలుగానే కారుతుంది కదా. టైర్లూ అంతే. సమ్మర్ టైర్ల రబ్బరు, చాలావరకు ఆల్ సీజన్ల రబ్బరు కూడా, చలి ముదిరేకొద్దీ బిగుసుకుపోతుంది. సుమారు 7 డిగ్రీల దగ్గర తేడా మొదలవుతుంది. ఆటవాలో జనవరి రాత్రుళ్లు మైనస్ 20 మామూలే. ఆ చలిలో ఆల్ సీజన్ టైరు రోడ్డుని సరిగ్గా పట్టుకోదు. వింటర్ టైరు రబ్బరు మిశ్రమమే వేరు, ఆ చలిలో కూడా మెత్తగా ఉంటుంది.

షాపులో నాకు ఇది మాటలతో ఎవరూ చెప్పలేదు. ఒక ఉదయం మా మేనేజరు రాత్రంతా బయట వదిలేసిన రెండు టైర్లు చూపించి, గ్లవ్ తీసి గోరుతో నొక్కమన్నాడు. ఆల్ సీజన్ టైరు మీద గోరు జారిపోయింది, ప్లాస్టిక్ బకెట్‌ని నొక్కినట్టే ఉంది. వింటర్ టైరు మీద గోరు కొద్దిగా దిగింది, తీశాక గీత ఒక్క క్షణం ఉండి పోయింది. జనవరిలో మీ ఇంటి ముందు మీరూ చేసి చూడొచ్చు. కాకపోతే టైర్లు కొన్నాక చూడండి, కొనకముందు కాదు.

దగ్గర్నుంచి చూస్తే వింటర్ టైరు మీద ప్రతి రబ్బరు దిమ్మెకీ బ్లేడుతో గీసినట్టు సన్నని చీలికలు ఉంటాయి. బరువు పడగానే అవి విచ్చుకుని అంచులతో మంచుని గీరి పట్టుకుంటాయి. బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ బ్లిజాక్ లాంటి టైర్ల రబ్బరులో కంటికి ఆనని చిన్న చిన్న రంధ్రాలుంటాయి, ఐసు మీది పల్చటి నీటి పొరని అవి పీల్చుకుంటాయి. ఆ నీటి పొరే అసలు శత్రువు. కొత్తగా వచ్చినవాళ్లు మైనస్ 20కి భయపడతారు గానీ, ఐసు బాగా జారేది సున్నా దగ్గర. మధ్యాహ్నం కరిగి సాయంత్రం మళ్లీ గడ్డకట్టే రోజుల్లోనే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఇక పేర్ల గందరగోళం. ఇక్కడ మూడు రకాలు అమ్ముతారు: ఆల్ సీజన్, ఆల్ వెదర్, వింటర్. మొదటి రెండూ ఒకటే అనుకుని మోసపోయినవాళ్లని చాలామందిని చూశాను. ఆల్ సీజన్ టైర్ల పక్కన సాధారణంగా ఎం ప్లస్ ఎస్ అని ఉంటుంది. అంటే బురద, మంచు అని. దాన్ని చూసి సంతోషపడకండి. అది గాడుల ఆకారాన్ని బట్టి వేసుకునే గుర్తు, మంచు మీద పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు రేకు. మంచు మీద ఒక ప్రామాణిక టైరుతో పోల్చి పరీక్షించి, దానికన్నా మెరుగ్గా లాగితేనే ఆ గుర్తు వేస్తారు. ఆల్ వెదర్ టైర్లకీ వింటర్ టైర్లకీ ఇది ఉంటుంది. అయితే ఆ పరీక్ష కూడా గట్టిపడిన మంచు మీద బండిని లాగడం గురించే, ఐసు మీద ఆగడం గురించి కాదు. అందుకే బొమ్మ ఉన్న టైర్లన్నీ ఒకటే అనుకోవద్దు.

ఆల్ వెదర్ గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తాను. ఏడాది పొడుగునా అవే ఉంచొచ్చు, మార్పిడి గోల లేదు, దాచుకునే చోటు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్లో ఉంటూ, ఇంటి నుంచి పనిచేస్తూ, మంచు పడిన రోజు కారు తీయకపోయినా గడిచేవాళ్లకి అవి బాగానే సరిపోతాయి. టొరంటో వైపు ఉండేవాళ్లకి నేనే కొన్నిసార్లు అవి తీసుకోమన్నాను. మీ సంగతి వేరు. మీ ఆవిడ పొద్దున ఏడింటికల్లా, మంచు తీసే బండి ఇంకా రాని వీధిలోంచి బయల్దేరి, గాలికి గడ్డకట్టే వంతెన మీదుగా వెళ్లాలి. అది కూడా వారానికి ఐదు రోజులు. ఆవిడకి వింటర్ టైర్లే.

పదేళ్లుగా ఏమీ కాలేదన్న మీ సహోద్యోగి అబద్ధం చెప్పడం లేదు. ఆల్ సీజన్ల మీద కారు కదులుతుంది, మెల్లగా వెళ్తే తిరుగుతుంది కూడా. తేడా తెలిసేది ముందున్నవాడు ఒక్కసారిగా బ్రేకు వేసినప్పుడు. గంటకి 50 కి.మీ. వేగంలో కారు సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. మీకు కావాల్సింది ఆఖరి నాలుగైదు మీటర్లు. ఆ రోజు పదేళ్లకోసారి వస్తుందా, మొదటి వారంలోనే వస్తుందా అన్నది ఎవరి చేతిలోనూ లేదు.

నాకైతే మొదటి నెలలోనే వచ్చింది. సడ్బరీలో మా వీధి చివర చిన్న దిగుడు, కింద స్టాప్ గుర్తు. నా కారుకి దాన్ని అమ్మినాయన కొత్త టైర్లే వేసిచ్చాడు, ఆల్ సీజన్లు. నవంబరులో ఒక సాయంత్రం 30 లోపు వేగంలోనే దిగుతూ బ్రేకు తొక్కాను. పాదం కింద ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) టకటకమని కొట్టుకుంటోంది, కారు మాత్రం తాపీగా, అస్సలు తొందర లేకుండా ముందుకే పోతోంది. స్టాప్ గుర్తు దాటి, అడ్డరోడ్డు దాటి, అవతలి ఫుట్‌పాత్ అంచుకి తగిలి ఆగింది. అటూ ఇటూ ఏ బండీ రాలేదు కాబట్టి రిమ్ము వంగడంతో పోయింది. ఆ రిమ్ము బాగు చేయించడానికి వెళ్లిన షాపులోనే తర్వాత పనికి చేరాను, అది వేరే కథ.

రెండు టైర్ల ఆలోచన మానుకోండి. కొరోల్లా ముందు చక్రాలతో లాగే బండి కాబట్టి ముందు రెండూ వింటర్ వేస్తే చాలనిపిస్తుంది, నిజమే, బయల్దేరడం తేలికవుతుంది. కానీ మలుపులో ముందు చక్రాలు రోడ్డుని పట్టుకుంటాయి, వెనకవి పట్టుకోవు. కారు వెనక భాగం పక్కకి జారి ముందుకి తిరిగొస్తుంది, బొంగరంలాగా. నాలుగూ ఆల్ సీజన్లే అయితే కారు మొదట్నుంచీ జారుతూ మిమ్మల్ని హెచ్చరిస్తుంది. ముందు రెండే మంచివైతే ధైర్యమిచ్చి మలుపులో మోసం చేస్తుంది. షాపుకి రెండే కావాలని ఎవరైనా వస్తే మా మేనేజరు డబ్బు వద్దని పంపేసేవాడు.

ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న ఎస్‌యూవీల వాళ్లకి కూడా ఒక మాట. నాలుగు చక్రాలూ లాగితే బయల్దేరడం సులువు. ఆగడానికి అందరికీ ఉన్నవి నాలుగు బ్రేకులే. సడ్బరీలో మంచు తుఫాను మర్నాడు హైవే పక్క గుంతల్లో మాకు ఎక్కువగా కనిపించినవి ఆ పెద్ద బండ్లే.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. 2019కి ముందు ఇది డిసెంబరు 15 నుంచి మొదలయ్యేది. లేకపోతే జరిమానా 200 నుంచి 300 డాలర్లు, దానిపై ఖర్చులు అదనం. ఈ నియమం క్యుబెక్‌లో రిజిస్టరైన బండ్లకి. మీ కారు ఆటవా ఉన్న ఒంటారియో ప్రావిన్సులో రిజిస్టరైంది కాబట్టి గాటినో వెళ్లినందుకు ఆవిడకి జరిమానా పడదు. రేపు అద్దె తక్కువని గాటినోకే మారితే మాత్రం వర్తిస్తుంది. ఒంటారియోలో తప్పనిసరి కాదు. కానీ 2016 జనవరి నుంచి ఇక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ వింటర్ టైర్లకి తగ్గింపు ఇవ్వాలి. మామూలుగా 5 శాతం దాకా ఉంటుంది. అడగనిదే వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, బిల్లు దాచుకుని ఫోన్ చేయండి. ఐసుని పట్టుకోవడానికి మేకులు గుచ్చిన (స్టడెడ్) టైర్లు మీకు అక్కర్లేదు. ఒంటారియోలో అవి ఉత్తర ప్రాంతం వాళ్లకే అనుమతి, ఆటవా అందులోకి రాదు.

ఇప్పుడు సైజు. డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు ఉంటుంది, అందులో రాసిందే ప్రమాణం. 205/55 ఆర్16 తర్వాత 91 లాంటి అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె టైరు మోయగల బరువుకి గుర్తు, అది తగ్గకూడదు. అక్షరం వేగానికి గుర్తు, వింటర్ టైర్లలో అది ఒక మెట్టు తగ్గినా ఫరవాలేదు. టీ అంటే 190 కి.మీ. వేగం దాకా, ఆ వేగంలో ఇక్కడ మీరు ఎక్కడికీ వెళ్లరు. కొరోల్లాలో మీదానికన్నా కింది రకానికి 195/65 ఆర్15 వచ్చేది. ఆ రిమ్ము మీ బ్రేకులకి తగలదని షాపువాళ్లు చూసి చెప్తే అదీ తీసుకోవచ్చు, కాస్త చవక, సన్నటి టైరు మంచుని చీల్చుకుంటూ బాగానే పోతుంది. పెద్ద రిమ్ముల మోజు చలికాలంలో వద్దు. రోడ్డు మీద గుంతలు మంచు కింద కనపడవు.

రిమ్ములు విడిగా కొనడం దుబారా కాదా అంటే కాదు, లెక్క చూడండి. రిమ్ములు లేకపోతే ఏటా రెండుసార్లు టైరుని రిమ్ము నుంచి ఊడదీసి, ఇంకోటి ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేయాలి. నాకు తెలిసిన షాపుల్లో ఒక్కోసారికి 120 నుంచి 140 డాలర్లు. రిమ్ములతో సహా ఉంటే చక్రం విప్పి చక్రం బిగించడమే, అందులో సగం. మూడో ఏడు ముగిసేలోపు రిమ్ముల డబ్బు వచ్చేస్తుంది. పైగా ఊడదీసిన ప్రతిసారీ టైరు అంచు దెబ్బతినే అవకాశం ఉంటుంది, ఆ బాధ తప్పుతుంది. గత అక్టోబరులో మా ఇంట్లో ఇదే సైజుకి అయిన ఖర్చు: టైర్లు 720, స్టీల్ రిమ్ములు 320, ఫిట్టింగ్ 100, పైన 13 శాతం పన్ను. 1,290 దగ్గర తేలింది.

వాడిన రిమ్ములు ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతాయి, తీసుకోవచ్చు, కానీ బోల్టుల కొలత చూసుకోండి. మీ కొరోల్లాకి ఐదు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వృత్తం. టయోటా కామ్రీకీ హోండా సివిక్‌కీ ఐదే బోల్టులు, కానీ వృత్తం 114.3. మా ఫ్రెండ్ ఒకడు రెండూ టయోటాలే కదా అని కామ్రీ రిమ్ములు నాలుగు కొనుక్కొచ్చాడు. గరాజులో జాకీ ఎత్తి, ఒక చక్రం విప్పి, చలికి చేతులు కొంకర్లు పోతూ అరగంట కుస్తీ పట్టాక నాకు ఫోన్ చేశాడు. మళ్లీ అమ్మేసరికి మార్చి దాటింది.

బ్రాండులు. పైమెట్టులో మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, నోకియన్ హక్కపెలిట్ట, కాంటినెంటల్ వైకింగ్‌కాంటాక్ట్. నోకియన్ ఫిన్లండ్ కంపెనీ, 1934లో మొదటి వింటర్ టైరు చేసింది వాళ్లే, హక్కపెలిట్ట పేరు 1936 నుంచి నడుస్తోంది. మధ్యమెట్టులో జనరల్ ఆల్టిమాక్స్ ఆర్కిటిక్, టోయో అబ్జర్వ్, యోకోహామా ఐస్‌గార్డ్. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు ఐసు మీద పైమెట్టువి కాస్త ముందుంటాయి, కాదనను. కానీ మధ్యమెట్టుకీ ఆల్ సీజన్‌కీ ఉన్న తేడాతో పోలిస్తే పైమెట్టుకీ మధ్యమెట్టుకీ ఉన్నది చిన్నది. మా ఆవిడ కారుకి నేను వేసినవి జనరల్‌వి, ఆ కంపెనీ కాంటినెంటల్ చేతిలోనే ఉంది. కార్ల వేగం ఎక్కువుండే హైవే మీద రోజూ గంటసేపు నడిపేవాళ్లయితే మిషెలిన్‌కి వెళ్లండి, తొందరగా అరగవు. పేరు ఎప్పుడూ వినని, సెట్టు 300 డాలర్లకి వచ్చేవి మాత్రం వద్దు.

బ్రాండు కన్నా నేను ఎక్కువ పట్టుబట్టేది తయారీ తేదీ మీద. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 3523 అంటే 2023లో 35వ వారం. కొత్త టైరంటే ఏడాది, మహా అయితే రెండేళ్ల లోపుది ఉండాలి. ఒకసారి ఒక షాపులో తగ్గింపు ధర అని నాకు కొత్త టైర్లు బిగించారు. ఇంటికొచ్చి చూస్తే నాలుగేళ్ల కిందటివి, అది కూడా రెండు ఒక ఏడాదివి, రెండు ఇంకో ఏడాదివి. వెనక్కి తీసుకెళ్తే మార్చారనుకోండి, కానీ ఒక శనివారం మొత్తం పోయింది. ఈ అంకెలు కొన్నిసార్లు టైరుకి ఒకవైపే ఉంటాయి, లోపలి వైపుకి వస్తే బిగించాక కనపడవు. బిగించకముందే చూపించమనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

వాడిన టైర్లయితే ఆ అంకెలతో పాటు లోతు కూడా కొలవాలి. కొత్త వింటర్ టైరు గాడి లోతు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చట్టం ప్రకారం ఇంకా నడపొచ్చేమో గానీ, 4 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మంచులో దాని పని అయిపోయినట్టే. కొలిచే గేజు చాలా చవక, ఒకటి కారులో పడేసుకోండి. ఆరేళ్లు దాటినవి లోతున్నా కొనొద్దు, మెత్తదనమే పోయాక లోతుతో పనేముంది?

ఎప్పుడు వేయించాలి? ఉదయం ఉష్ణోగ్రతలు వరసగా 7 లోపు ఉంటున్నాయంటే వేళైనట్టే. ఆటవాలో అక్టోబరు చివరికల్లా ఆ వేళ వచ్చేస్తుంది. మొదటి మంచు పడేదాకా ఆగితే ఊరంతా ఆ రోజే ఫోన్ చేస్తుంది. సడ్బరీలో ఆ వారం మేం ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే తినేవాళ్లం, అయినా రెండు వారాల వెయిటింగ్. అప్పటికి మీ సైజు అయిపోతే, షాపులో మిగిలింది అంటగడతారు. కంపెనీల రిబేట్లు కూడా మామూలుగా శరదృతువులోనే వస్తాయి. అవి నడుస్తున్నప్పుడే కాస్ట్‌కోలోనూ మీ ఇంటి దగ్గరి గరాజులోనూ ధర అడిగి పోల్చుకోండి, బ్యాలెన్సింగ్, బిగింపు అందులోనే కలిసి ఉన్నాయో లేదో కనుక్కుని మరీ.

ఈ మధ్య చలికాలాలు తగ్గిపోయాయి, ఎందుకీ ఖర్చు అనేవాళ్లు కూడా మీకు తగులుతారు. 2022-23 చలికాలంలో ఆటవాలోని రిడో కాలువ గడ్డకట్టాక దాని మీద జరిగే స్కేటింగ్ అసలు తెరవనే లేదు, చరిత్రలో మొదటిసారి. అదే చలికాలం ముగిశాక, 2023 ఏప్రిల్ 5న, ఆటవా మీదా మాంట్రియల్ మీదా గడ్డకట్టే వాన పడి చెట్లు విరిగాయి, కరెంటు పోయింది. మార్చిలోనే తొందరపడి టైర్లు విప్పేసిన మా పక్కింటాయన ఆ రోజు డ్రైవ్‌వే దాటలేదు. నేను ఏప్రిల్ మూడో వారానికి ముందు విప్పను. అలాగని మే దాటించొద్దు, మెత్తటి రబ్బరు కదా, వేడికి పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది.

బిగించిన రోజు మూడు విషయాలు చూసుకోండి. చాలా వింటర్ టైర్లకి పక్కన తిరిగే దిశ బాణం ఉంటుంది, అది బండి ముందుకు పోయే వైపే ఉండాలి. రద్దీ రోజుల్లో తిరగేసి బిగించిన చక్రాలు నేను చూశాను, ఒకసారి నేనే బిగించాను. రెండోది, 80 నుంచి 100 కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి, మీ కొరోల్లాకి 103 న్యూటన్ మీటర్లు. షాపుకి వెళ్తే ఉచితంగా చేస్తారు. మూడోది గాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడితే టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. వెచ్చటి గరాజులో 20 డిగ్రీల దగ్గర గాలి కొట్టి మైనస్ 20లోకి తీసుకెళ్తే ఏడు దాకా పోయినట్టే. బయటి చలిలో, కారు తీయకముందు చూసి స్టిక్కరు మీదున్నంత కొట్టించండి. కారులో ప్రెషర్ హెచ్చరిక లైటు ఉంటే, కొత్త రిమ్ములకి సెన్సర్లు లేనందువల్ల అది చలికాలమంతా వెలుగుతూనే ఉండొచ్చు. కెనడాలో సెన్సర్లు తప్పనిసరి కాదు. నేను పెట్టించలేదు, బదులుగా నెలకోసారి గేజుతో చూస్తాను. ఆ లైటు చూస్తే మీ ఆవిడకి టెన్షన్ అనిపిస్తే సెన్సర్లు పెట్టించేయండి.

విప్పిన ఆల్ సీజన్లు పారేయొద్దు, ఏప్రిల్లో మళ్లీ అవే కావాలి. రిమ్ములతో ఉన్నవి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టండి, రిమ్ములు లేనివి నిలబెట్టండి, ఎండా హీటరూ తగలకూడదు. విప్పేటప్పుడే ఏది ముందు ఎడమ, ఏది వెనక కుడి అని చాక్‌పీసుతో లోపలి వైపు రాసుకోండి, ఏప్రిల్లో ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్లో చోటు లేకపోతే సీజనుకి ఇంతని తీసుకుని షాపులే దాచిపెడతాయి.

షాపు కొటేషన్ రాగానే టైరు పేరు, సైజు, రిమ్ము వివరం, వీలైతే ఆ నాలుగంకెల ఫోటో ఇక్కడ పెట్టండి. శనివారం పొద్దున ఖాళీగానే ఉంటాను, చూసి చెప్తాను.